మా అత్తగారికి నిండు కృష్ణ చూపించాలి, రెండు రోజుల్లో బెజవాడలో ఎటు తిప్పమంటారు?

పటమట కోడలు:

నమస్కారం అండీ. మేము బదిలీ మీద విజయవాడ వచ్చి ఇంకా ఏడాది కాలేదు, పటమటలో ఉంటున్నాం. కార్తీక మాసంలో అనంతపురం నుంచి మా అత్తగారు, మావగారు వస్తున్నారు, వాళ్లతో పాటు మా ఆడపడుచు పిల్లలిద్దరు, పిల్లాడు ఆరో తరగతి, పాప రెండో తరగతి. చేతిలో ఉన్నది శని, ఆదివారాలే. అమ్మవారి దర్శనం ఎలాగూ ఉంటుంది కాబట్టి దాని గురించి నాకు బెంగ లేదు. మా అత్తగారు పుట్టి పెరిగింది ధర్మవరం దగ్గర పల్లెలో. ఆవిడ చిన్నప్పుడు చిత్రావతిలో నీళ్లు వచ్చాయంటే పనులు వదిలేసి ఊరంతా ఏటి గట్టుకు పోయేదట. ఇప్పటికీ నాకు ఫోన్ చేసినప్పుడు ముందు అడిగేది "కృష్ణలో నీళ్లున్నాయా అమ్మా" అనే. ఆవిడకి నదిని బాగా దగ్గరగా, తీరుబడిగా చూపించాలని నా కోరిక. ఆఫీసు, ఇల్లు తప్ప నాకే ఊరు సరిగ్గా తెలియదు, ఇంటర్నెట్‌లో చూస్తే ప్రతి చోటా అవే పది స్థలాల పేర్లు వరసగా ఇచ్చారు కానీ ఏది ఎప్పుడు వెళ్లాలో, ఏది వదిలేయొచ్చో ఎవరూ చెప్పడం లేదు. మావగారికి మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కువ ఎక్కలేరు. మాకు చిన్న కారు ఉంది. పడవ ఎక్కించాలంటే మాత్రం నాకు భయంగా ఉంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.

కృష్ణలంక:

అమ్మా, ముందు ఒక సంగతి చెప్తాను. ఇక్కడ చాలామంది చుట్టాల్ని హైవే మీద కనకదుర్గ వారధి దగ్గరికి తీసుకెళ్లి ఇదే కృష్ణ అని చూపిస్తారు, వాళ్లేమో ఇంతేనా అని మొహం చిన్నబుచ్చుకుంటారు. వారధి ఉన్నది బ్యారేజీకి దిగువన. అక్కడ వరద రోజుల్లో తప్ప కనిపించేవి ఇసుక మేటలు, జమ్ము, మధ్యలో నాలుగు పాయలు. నీళ్లన్నీ ప్రకాశం బ్యారేజీకి ఎగువన ఆగి ఉంటాయి, కాలవలకు నీళ్లు ఎక్కాలి కాబట్టి అక్కడ 12 అడుగుల మట్టం నిలబెడతారు. మీ అత్తగారు చూడాలనుకునే కృష్ణ ఆ పక్కనే ఉంది, కాబట్టి మీ రెండు సాయంత్రాలూ ఎగువకే ఉంచుకోండి.

శనివారం నాలుగున్నర ప్రాంతంలో బ్యారేజీకి వెళ్లండి. దాని మీద లారీలు, బస్సులు రానివ్వరు, కార్లు, ఆటోలు, బళ్లు మాత్రమే తిరుగుతాయి, అయినా సాయంత్రం రద్దీగానే ఉంటుంది, మధ్యలో కారు ఆపి దిగుదామని మాత్రం చూడకండి. కారు ఇవతలే పెట్టేసి కాలిబాట మీద నడవండి, మీ మావగారు ఓపిక ఉన్నంత వరకు వచ్చి ఆగినా చాలు, ఎందుకంటే మొదటి నాలుగు గేట్ల దగ్గర నుంచే మొత్తం కనిపిస్తుంది. ఎడమ చేతి వైపు రైలు వంతెన, పిల్లలకి దాని మీద వచ్చీపోయే రైళ్లతోనే పొద్దుపోతుంది. కుడి చేతి వైపు నీళ్లు, పడమటి కొండలు, పొద్దు వాటి వెనక్కి దిగేటప్పుడు ఇంద్రకీలాద్రి రాళ్లు కూడా ఎర్రబడతాయి. పిల్లాడు ఆరో తరగతి అన్నారు కాబట్టి కాస్త కథ చెప్పండి. ఇక్కడ తెల్లవాళ్ల కాలంలో 1855లో పూర్తి చేసిన ఆనకట్ట ఉండేది, అది 1952లో గండిపడి కొట్టుకుపోయింది, దాని స్థానంలో 70 గేట్లతో ఈ బ్యారేజీ 1957కి పూర్తయింది, టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. బస్టాండు దగ్గర మీరు రోజూ దాటే కాలవలు, ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ, మూడూ ఇక్కడి నీళ్లే. రెండు గట్లూ కలిపి 12 లక్షల ఎకరాలకు పైగా ఈ నీళ్ల మీదే పండుతుంది. అనంతపురం నుంచి వచ్చే పెద్దాయనకి ఈ మాట మనకంటే బాగా తగులుతుంది.

చీకటి పడ్డాక కారులో బ్యారేజీ దాటి సీతానగరం రేవు వైపు వెళ్లండి. ఈ పని ఎవరూ చెయ్యరు, నాకు అదే ఆశ్చర్యం. ఊళ్లో ఉండి ఊరిని చూడలేం కదా. అవతలి ఒడ్డు నుంచి చూస్తే అమ్మవారి గుడి దీపాలు, కొండ, బ్యారేజీ లైట్లు అన్నీ ఒకేసారి కనపడతాయి, కార్తీకం కాబట్టి ఆడవాళ్లు నీళ్లలో దీపాలు వదులుతూ ఉంటారు. మీ అత్తగారి చేత కూడా ఒకటి వదిలించండి. సోమవారాలు, పౌర్ణమి అయితే రేవుల్లో కాలు పెట్టలేం, మీది శనివారం కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

గుడి సంగతి మీరు అడగలేదు కానీ మోకాళ్ల నొప్పులన్నారు కాబట్టి చెప్తున్నా, మహామండపం వైపు నుంచి లిఫ్టులు ఉన్నాయి, మెట్లు ఎక్కక్కర్లేదు. తెల్లవారుజామునే వెళ్లి వచ్చేయండి.

తాడేపల్లి:

పైన ఆయన చెప్పిన సీతానగరం మాట నూటికి నూరుపాళ్లు నిజం. అయితే ఇవతలికి వచ్చేది చీకటి పడ్డాకే ఎందుకు, శనివారం మూడు గంటలకల్లా ఉండవల్లి గుహలకు వచ్చి, చూసుకుని, పొద్దు వాలేటప్పటికి బ్యారేజీకి ఈ వైపు నుంచే చేరుకోండి. దూరం ఏమీ లేదు, బ్యారేజీ దాటాక కొద్ది నిమిషాలే.

ఉండవల్లి కొండని నాలుగు అంతస్తుల మేడలాగా తొలిచారు. నాలుగు, అయిదో శతాబ్దాల నాటివని, విష్ణుకుండినుల కాలం అని చెప్తారు, మొదట్లో భిక్షువుల నివాసమని, తర్వాత వైష్ణవ ఆలయంగా మారిందని అంటారు. పైన శేషశయనం మీద పడుకున్న అనంతపద్మనాభస్వామి విగ్రహం ఉంది, ఒకే రాయిలో చెక్కిన పెద్ద విగ్రహం. లోపల చీకటి. జనం ఏం చేస్తున్నారంటే గడప దగ్గర నిలబడి ఫోన్ ఫ్లాష్ కొట్టి ఫొటో తీసుకుని వెనక్కి తిరిగేస్తున్నారు. అలా కాదు, లోపలికి వెళ్లి రెండు నిమిషాలు ఊరికే నిలబడండి, కళ్లు చీకటికి అలవాటు పడ్డాక స్వామి తల దగ్గర నుంచి పాదాల దాకా మెల్లగా తేలి వస్తాడు. చిన్న పాపకి అది జన్మంతా గుర్తుంటుంది. పై అంతస్తు వరండాలో కూర్చున్న రాతి విగ్రహాల పక్కన నిలబడి చూస్తే కింద పొలాలన్నీ కనిపిస్తాయి.

మీ మావగారికి ఆ పై మెట్లు కష్టమే, నిటారుగా ఉంటాయి, ఎత్తు కూడా సమానంగా ఉండదు. ఆయన్ని బలవంతపెట్టకండి. కింద అంతస్తు స్తంభాల గది నేల మట్టంలోనే ఉంది, ముందర పచ్చిక, చెట్లు ఉన్నాయి, హాయిగా కూర్చోవచ్చు. ఊళ్లో మొగల్రాజపురం గుహలు మీ పటమటకి దగ్గరే కానీ బాగా దెబ్బతిని ఉన్నాయి, చుట్టూ ఇళ్లు వచ్చేశాయి, రెండు రోజుల్లో వాటికి సమయం పెట్టనక్కర్లేదని నా అభిప్రాయం.

గుంటూరు బ్రాడీపేట:

అమరావతిని ఎవరూ తలవలేదేంటండీ? కృష్ణ ఒడ్డున పంచారామాల్లో ఒకటైన అమరేశ్వరుడు ఉన్నాడు, అదీ కార్తీక మాసం. 125 అడుగుల ధ్యానబుద్ధ విగ్రహం ఉంది, మ్యూజియం ఉంది, స్తూపం ఉంది. ఆదివారం పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చూసుకుని రావచ్చు. ఒక్క మాట, మహాస్తూపం దగ్గర పెద్ద కట్టడం ఏదో ఉంటుందని పిల్లలకి చెప్పకండి, నేల మీద గుండ్రటి దిబ్బ, కొన్ని రాళ్లు మాత్రమే మిగిలాయి. ఆ చెక్కిన సున్నపురాతి పలకలు చాలావరకు లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ ఉన్నాయి. మన సొత్తు చూడాలంటే మనం అంత దూరం వెళ్లాలి, తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. అందుకే ముందు అక్కడి మ్యూజియం చూసి తర్వాత దిబ్బ దగ్గరికి వెళ్తే అది ఒకప్పుడు ఎలా ఉండేదో ఊహించుకోగలుగుతారు.

దారి మార్చుకుంటే మంగళగిరి కూడా. పానకాల స్వామి గుడి కొండ మీద, కారు వెళ్లే రోడ్డు ఉంది, కానీ మధ్యాహ్నం 3 గంటలకే మూసేస్తారు, ఆ తర్వాత దేవతలు పూజ చేసుకుంటారని నమ్మకం. అర్చకులు పానకం నోట్లో పోస్తే సగం తాగి సగం వదిలేస్తాడని చెప్తారు, పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు. కింద లక్ష్మీనరసింహస్వామి గుడి గాలిగోపురం పదకొండు అంతస్తులు, రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు కట్టించింది. మీ అత్తగారిది ధర్మవరం వైపు అన్నారు, పట్టు నేసే ఊరి మనిషికి మంగళగిరి నూలు చీరల మగ్గం చూపిస్తే కదలరు, రాసిపెట్టుకోండి.

కృష్ణలంక:

గుంటూరు గారూ, మీ ఊరి మీద ప్రేమ నాకు అర్థమైంది, కానీ అమరావతి రానూపోనూ 70 కిలోమీటర్లు దాటుతుంది. మోకాళ్ల నొప్పుల మనిషిని, రెండో తరగతి పాపని ఆదివారం అంతా కారులో కూర్చోబెట్టి, సాయంత్రం అలిసిపోయి ఇంటికి చేరితే ఆ రోజు నది చూసినట్టేనా? అమరావతికి ఒక పూర్తి రోజు ఇవ్వాలి, ఇంకోసారి వచ్చినప్పుడు తీసుకెళ్లొచ్చు. మంగళగిరి మాత్రం దగ్గరే, ఆదివారం పొద్దున వెళ్లొచ్చెయ్యండి.

గొల్లపూడి:

పడవ గురించి అడిగారు, నేను నది పక్కనే ఉండేవాడిని కాబట్టి సూటిగా చెప్తాను. భవానీ ద్వీపానికి బెర్మ్ పార్కు నుంచి పర్యాటక సంస్థ పడవలు తిరుగుతాయి. అవి మాత్రమే ఎక్కండి. 2017 నవంబరులో, అదీ కార్తీక మాసం ఆదివారమే, పవిత్ర సంగమం దగ్గర అనుమతి లేని పడవ ఒకటి బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. అప్పట్నుంచి నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ, జనం సరిపోయాక ఇంకో ఇద్దరిని ఎక్కించే పడవ, ఎంత తక్కువ డబ్బులకి తిప్పినా దిగి వచ్చేయాలి. పిల్లల జాకెట్ పిల్లల సైజులోనే ఉండాలి, పెద్దవాళ్లది తొడిగితే నీళ్లలో మెడ మీది నుంచి జారిపోతుంది. ఎగువ నుంచి వరద వచ్చి బ్యారేజీ గేట్లు ఎత్తితే పడవలు ఆపేస్తారు, కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి.

ద్వీపం 133 ఎకరాలు. 2024 సెప్టెంబరు వరదలో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవాహం వచ్చినప్పుడు అది మొత్తం మునిగి బాగా దెబ్బతింది. నిజం చెప్పాలంటే అసలు ఆనందం పడవలో వెళ్లిరావడంలోనే ఉంది. చుట్టూ నీళ్లు, వెనక కొండ, ఊరు చిన్నదై కనిపిస్తుంది. ఆదివారం వనభోజనాల వాళ్లతో నిండిపోతుంది కాబట్టి శనివారం పొద్దున్నే వెళ్లండి.

పిల్లల కోసం కొండపల్లి తప్పకుండా పెట్టుకోండి, ఊరికి ఇరవై కిలోమీటర్లు లోపే. ఖిల్లాకి పైదాకా రోడ్డు ఉంది కానీ నాకైతే బొమ్మల కాలనీయే ముఖ్యం. తెల్లపొణికి కర్రని ఆరబెట్టి, చెక్కి, రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన మక్కుతో ముక్కలు అతికి రంగులు వేస్తారు. అంబారీ ఏనుగు తొండం విడిగా చేసి అతికిస్తారని మా అబ్బాయి అక్కడే చూసి తెలుసుకున్నాడు. దుకాణంలో కొని బయటికి వచ్చేయకుండా, చేసే ఇంటి గడపలో అడిగి కాసేపు కూర్చోండి, కాదనరు. తిరిగి వచ్చేటప్పుడు ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమం తగులుతుంది, పట్టిసీమ ఎత్తిపోతల పథకం నుంచి వచ్చే గోదావరి నీళ్లు కృష్ణలో కలిసే చోటు. నీళ్ల కోసం మొహం వాచిన సీమ మనిషికి, రెండు నదులు ఒక చోట కలపడం ఎలాగో చూపించినట్టు ఉంటుంది.

పటమట కోడలు:

అందరికీ చాలా థాంక్స్ అండీ, నిజంగా ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. అయితే ఇలా అనుకుంటున్నా. శనివారం తెల్లవారుజామున దర్శనం, తర్వాత పడవ, మధ్యాహ్నం ఇంట్లో విశ్రాంతి, మూడింటికి ఉండవల్లి, పొద్దు వాలేటప్పటికి బ్యారేజీ, చివరికి సీతానగరం. ఆదివారం పొద్దున మంగళగిరి, మధ్యాహ్నం కొండపల్లి, సాయంత్రం పవిత్ర సంగమం. ఎక్కువైందా?

తాడేపల్లి:

శనివారం సరిగ్గా ఉంది. ఆదివారం మాత్రం మంగళగిరి ఒక దిక్కు, కొండపల్లి ఇంకో దిక్కు. పిల్లలు గోల చేస్తే కొండపల్లి, అత్తగారు పట్టుబడితే మంగళగిరి, రెండింట్లో ఒకటే పెట్టుకోండి. మిగిలిన పొద్దు బందరు రోడ్డులో బాపు మ్యూజియం చూడండి, 1887లో విక్టోరియా రాణి జూబిలీకి కట్టిన భవనం. పింగళి వెంకయ్యగారు 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు జెండాని గాంధీగారికి ఇచ్చిన సంగతి పిల్లాడికి అక్కడే చెప్పొచ్చు. మీకు దారిలోనే.

కృష్ణలంక:

ఆదివారం పొద్దున టిఫిన్ గాంధీనగర్లో బాబాయి హోటల్లో వెన్నపూస ఇడ్లీ పెట్టించండి, ఆలస్యంగా వెళ్తే నిలబడాల్సి వస్తుంది. సాయంత్రం రేవుకి వెళ్లేటప్పుడు పునుగులు పొట్లం కట్టించుకోండి, మావగారికి మెట్టు మీద కూర్చోవడానికి ఒక మడత కుర్చీ కారులో పడేయండి. సీతానగరంలో రేవు మెట్లకి పాచి ఉంటుంది, అత్తగారు దీపం వదిలేటప్పుడు చెయ్యి పట్టుకోండి.