గుండె ఆపి మిషన్ మీద పెడతారంట, భయమైతోంది

మా నాయనకు వాల్వ్ మార్చాలన్నారు, వచ్చే వారం హైదరాబాద్‌లో ఆపరేషన్. గుండె ఆపేస్తామని డాక్టర్ చెప్పినప్పటి నుంచి అమ్మ అన్నం ముట్టడం లేదు. ఆగిన గుండె మళ్లీ కొట్టుకుంటుందా అన్నా? మాది మిర్యాలగూడ.

జవాబు 1:
తమ్మీ, మాది నకిరేకల్, ఆ మిషన్ నడిపే పర్‌ఫ్యూజనిస్టును నేను. గుండెకు చేరాల్సిన రక్తాన్ని గొట్టంతో బయటికి తీసి, దానికి ఆక్సిజన్ పట్టించే ఆక్సిజనేటర్‌లోంచి పంపి, పెద్ద ధమనిలోకి ఎక్కిస్తాం. నల్లగా పోయిన రక్తం అటునుంచి ఎర్రగా వస్తుంది, నా కళ్లు ఆ గొట్టం మీది నుంచి పక్కకు పోవు. గడ్డకట్టకుండా ముందే హెపారిన్ ఇస్తాం, చివర్లో ప్రోటమైన్‌తో విరుగుడు. గుండెను ఆపేది పొటాషియం కలిపిన ద్రవం. రక్తం మళ్లీ పారగానే చాలాసార్లు గుండె దానంతటదే కొట్టుకుంటుంది, లేకుంటే చిన్న షాక్ ఇస్తారు. 1953లోనే అమెరికాలోని ఫిలడెల్ఫియాలో గిబ్బన్ అనే సర్జన్ 18 ఏళ్ల అమ్మాయిని ఇలాంటి మిషన్ మీద పెట్టి గుండెలో రంధ్రం మూశాడు. రిస్క్ లేదని చెప్పను, రక్తస్రావం, పక్షవాతం, కిడ్నీల గురించి సర్జన్‌ను సూటిగా అడగండి.

జవాబు 2:
జడ్చర్ల నుంచి. మా అమ్మకు అయింది. ఐసీయూలో మొహం ఉబ్బి, నోట్లో గొట్టంతో చూసి నాకు కాళ్లు వణికాయి, మీ అమ్మకు ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్లు తమ్ముడూ. రక్తం ఇచ్చేవాళ్లను ఇప్పుడే చూసుకో.

ప్రశ్న అడిగినవాడు:
అన్నా, అక్కా, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. రాత్రి రెండు ముద్దలు తిన్నది.