పాత జిప్సీకి నమ్మకమైన సెకండ్ హ్యాండ్ ఇంజన్ ఎక్కడ దొరుకుతుంది?

అన్నలూ, మాది నల్లగొండ. నా దగ్గర 2003 మారుతి జిప్సీ ఉంది, 1.3 లీటర్ 16 వాల్వ్ ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ కాకుండా పెట్రోల్ ఇంజెక్షన్ ఉన్నది). పాత ఓనర్ ర్యాలీలు ఆడిన బండి, రోల్ కేజ్ ఇంకా అలాగే ఉంది. పోయిన నెల దేవరకొండ రోడ్డులో రేడియేటర్ హోస్ పగిలింది. టెంపరేచర్ ముల్లు నేను చూసుకోలేదు, తప్పు నాదే. ఇంజన్ హెడ్ (పై భాగం) వంగింది, బ్లాక్ (సిలిండర్లుండే భాగం) కూడా పగులు ఇచ్చింది. రీబోర్ (సిలిండర్లు మళ్లీ కోయించి సరిచేయడం) మాట వదిలేయమని మెకానిక్ చెప్పేశాడు.

హైదరాబాద్‌లో ఒక స్క్రాప్ షాపులో ఇంజన్ చూశాను. నేల మీద పడి ఉంది, స్టార్ట్ చేసి చూపించడట. "అరవై వేలే తిరిగింది" అంటాడు. బర్రెను నీళ్లల్ల పెట్టి బేరం చేసినట్టుంది! కింద పెట్టిన ఇంజన్‌కు బ్యాటరీ, స్టార్టర్ కట్టి కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) చూడొచ్చా? ఆయిల్ క్యాప్ కింద తెల్లటి జిడ్డు, ప్లగ్‌ల రంగు, క్రాంక్ షాఫ్ట్ లూజు కాకుండా ఇంకేం చూడాలి?

మారుతి ఎస్టీమ్ కారు ఎంపీఎఫ్ఐ ఇంజన్ అయితే తేలిగ్గా దొరుకుతుందట. కానీ అందులో ఇంజన్ అడ్డంగా కూర్చుంటుంది, జిప్సీలో నిలువుగా. సంప్ (కింది ఆయిల్ తొట్టి), మౌంటింగులు (ఇంజన్‌ను పట్టి ఉంచేవి) నా పాతవే వేస్తే సరిపోతుందా? చేసినవాళ్లు చెప్పండి.

ఆర్‌సీలో ఇంజన్ నంబర్ మార్చాలి కాబట్టి బిల్లు, పాత బండి కాగితాలు ఇచ్చేవాళ్లే కావాలి. దొంగ బండి ఇంజన్ తగిలితే అదో టెన్షన్. మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ వైపు ఎవరైనా తెలుసా?