'మానేశాడు' అనాలా, 'ఆపేశాడు' అనాలా?

జార్జ్ జోన్స్ 1980లో పాడిన 'హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే' అనే కంట్రీ (అమెరికా పల్లె బాణీ) పాటని తెలుగు చేస్తున్నాను. రాసింది బాబీ బ్రాడాక్, కర్లీ పట్‌మన్. చచ్చేదాకా నిన్నే ప్రేమిస్తానంటాడు అతను. కొన్నాళ్లకి నువ్వే మర్చిపోతావంటుంది ఆమె. మర్చిపోడు. గోడకి ఆమె ఫొటో, మంచం పక్కన 1962 నాటి ఉత్తరాలు. వాటిలో ప్రేమిస్తున్నానన్న మాట ఉన్న ప్రతిచోటా ఎర్రగీత. ఒకరోజు స్నేహితుడు చూడటానికి వెళ్తే, కన్నీళ్లు లేవు. చక్కగా ముస్తాబై, ఎన్నో ఏళ్ల తర్వాత నవ్వు మొహంతో కనిపిస్తాడు. అక్కడ వస్తుంది ఈ మాట. అతను పోయాడని మనకి ఆ తర్వాతే అర్థమవుతుంది.

ఆ 'స్టాప్డ్'కి ఏ క్రియ వాడాలి? 'ఆపేశాడు' అంటే బండి ఆపినట్టుంది, మళ్లీ స్టార్ట్ చేయొచ్చు. 'ప్రేమ ఆగిపోయింది' అంటే ఊపిరి గుర్తొచ్చి చావు సంగతి ముందే బయటపడిపోతుంది. 'మానేశాడు' అయితే కాఫీ మానేసినట్టు, తనే గట్టిగా అనుకుని వదిలేశాడనిపిస్తుంది. నా ఓటు దానికే. మీరేమంటారు?

జవాబు: 'మానేశాడు' సరైన మాటండి. పుండు మానింది అంటాం కదా, ఆ నీడ కూడా లీలగా పడుతుంది. ఇంగ్లీషులో అది లేదు. నాకు ఇబ్బందల్లా తర్వాత వచ్చే దండతోనే. అమెరికాలో ఒకప్పుడు చావు జరిగిన ఇంటి తలుపుకి గుండ్రంగా చుట్టిన పూలదండ తగిలించేవారు. మనం 'గుమ్మానికి దండ కట్టారు' అంటే పెళ్లో పండగో అనుకుంటారు. పోనీ ఫొటోకి దండ వేద్దామంటే, పాటలో గోడ మీద ఉన్నది ఆమె ఫొటో! 'చావు దండ' అని ఉన్నదున్నట్టు చెప్పేయండి. ఇంకోటి, దీన్ని వన్ సైడ్ లవ్ అనకండి. ఆ ఉత్తరాలు ఆమె రాసినవే అనుకుంటే, ఒకప్పుడు అటునుంచీ ప్రేమ ఉన్నట్టే.

మళ్లీ నేను: చావు దండ బాగుందండి, అదే ఉంచుతాను. 'టుడే'కి ఉట్టి 'ఇవాళ' చాలడం లేదు, రేపు మళ్లీ మొదలెడతాడేమో అనిపిస్తోంది. 'ఇవాళ్టితో' అని పెట్టాను. ఆ 'తో' దగ్గర అంతా అయిపోతుంది. 2013లో జోన్స్ అంత్యక్రియల్లో ఇంకో కంట్రీ గాయకుడు అలన్ జాక్సన్ ఈ పాటే పాడాడు. ఆ రోజు అక్కడున్నవాళ్లకి ఈ మాట ఎలా తగిలి ఉంటుందో!

'ఇవాళ్టితో ఆమెని ప్రేమించడం మానేశాడు' అని పొద్దున మా అమ్మకి చదివి వినిపించాను. "ఏం, వేరే సంబంధం కుదిరిందా?" అంది. తర్వాతి చరణం చదవడానికి నాకు గొంతు పెగల్లేదు.