లియోటార్ గీసిన పిల్లల బుగ్గలకి ఆ రంగు ఎలా వచ్చింది?

నీటిరంగు
జెనీవా మ్యూజియంలో ఉన్న లియోటార్ (18వ శతాబ్దపు స్విస్ చిత్రకారుడు) బొమ్మలు ఆన్‌లైన్‌లో చూస్తున్నాను, అదే 1762లో వియన్నా వెళ్లి మరియా థెరీసా మహారాణి పిల్లలు 11 మందిని గీసినవి. నల్ల చాక్, ఎర్ర చాక్, పల్చగా వాటర్ కలర్ అని వివరాల్లో ఉంది. మా పాపని అలా గీద్దామని ఎర్ర చాక్‌తో బుగ్గలు దిద్ది పైన బ్రష్ పెడితే చాలు, చాక్ అంతా లేచిపోయి బురదబురదగా అవుతోంది. ఆయన బుగ్గలేమో లోపల్నుంచి ఎర్రబడ్డట్టున్నాయి. కిటుకు ఏంటి?

పాతకాగితం
కిటుకు కాగితం వెనకుందండి, నిజంగానే వెనక. ఆయన పల్చటి కాగితం తీసుకుని వెనక వైపు కూడా రంగు వేసేవాడు. అది కాగితంలోంచి తెలిసీ తెలియనట్టు కనబడుతుంది కాబట్టి ముందు వైపు చాక్‌తో పెద్దగా రుద్దే పనే లేదు. ఆంటోనియా బొమ్మ జూమ్ చేసి చూడండి, చేతిలో దారం ముళ్లు వేసే చిన్న నాడె పట్టుకున్న పిల్ల, తర్వాత ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోనెట్ అయింది ఈవిడే. ఆ బుగ్గ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో నాకైతే దొరకలేదు.

జేగురు
బాగానే ఉంది గానీ, ఇక్కడ అందరూ వాడేది 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి 300 గ్రాముల) మందం కాగితం, దాని వెనక ఏం పూసినా ముందుకి రాదు. మందం కాగితమే కావాలంటే వరస మార్చండి: ముందు వాటర్ కలర్, పూర్తిగా ఆరాక చాక్. ఆ తర్వాత ఇక నీళ్లు తగలనివ్వకండి. అయినా చాక్ కరగడం తప్పేం కాదు, తడి బ్రష్‌తో కావాలని కరిగించి నీడలకి వాడిన పాత చిత్రకారులు ఉన్నారు. మైనం కలిసిన ఎర్ర పెన్సిళ్లు కొనకండి, వాటి మీద నీళ్లు నిలవవు.

నీటిరంగు
థాంక్స్ అండి. మరి బుగ్గలకి చాక్ మానేసి కార్మైన్ అనే ముదురు ఎరుపు రంగు వాడితే?

జేగురు
వద్దు. అసలు కార్మైన్ పురుగుల నుంచి తీసే రంగు, వెలుతురుకి వెలిసిపోతుంది. ఎర్ర చాక్ అంటే ఐరన్ ఆక్సైడ్ ఉన్న మట్టి, మన జేగురు లాంటిదే, ఎండకి చెక్కుచెదరదు. గోడకి తగిలిస్తారుగా, పాప మొహం పాలిపోతే ఏం బాగుంటుంది!