ఎస్‌సీఏ2 ఉన్న మా అన్నయ్య చేత తాగుడు ఎలా మాన్పించాలి?

అన్నయ్యకి 38 ఏళ్లు. ఎస్‌సీఏ2 (స్పైనోసెరిబెల్లార్ అటాక్సియా టైప్ 2, చిన్న మెదడు క్రమంగా దెబ్బతిని నడక, మాట అదుపు తప్పే వంశపారంపర్య జబ్బు) అని జన్యు పరీక్షలో తేలింది, సీఏజీ రిపీట్స్ (ఆ జన్యువులో మళ్లీ మళ్లీ వచ్చే ముక్క, మామూలు కంటే ఎక్కువసార్లు ఉంటే ఈ జబ్బు వస్తుంది) 40. నాన్నగారికీ ఇదే జబ్బు, కానీ ఆయన మందు ముట్టలేదు, ఈ వయసులో ఏ ఆసరా లేకుండానే నడిచేవారు. అన్నయ్య రోజూ సాయంత్రం ఒక క్వార్టర్ తాగుతాడు, జబ్బు సంగతి తెలిశాక ఆ బెంగతో ఇంకా పెరిగింది. ఏడాదిగా గోడ పట్టుకుని నడుస్తున్నాడు, మాట ముద్దగా వస్తోంది, తాగిన మర్నాడు పొద్దున కూడా తూలుతున్నాడు.

మద్యం కూడా చిన్న మెదడునే దెబ్బతీస్తుంది కాబట్టి ఏది జబ్బు వల్ల, ఏది తాగుడు వల్ల అన్నది ఎమ్మారైలో విడదీయలేం అన్నారు న్యూరాలజిస్టు. తండ్రి నుంచి బిడ్డకి వచ్చేటప్పుడు రిపీట్స్ పెరిగి జబ్బు ముందే బయటపడొచ్చట, అదీ ఉంది.

బతిమాలాం, డబ్బులు చేతికివ్వడం మానేశాం. తనంతట తనే ఒకసారి ఒక్కసారిగా మానేస్తే రెండో రోజు ఫిట్స్ వచ్చాయి, ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది (దయచేసి ఎవరూ ఇంట్లో ఇలా ప్రయత్నించకండి). థయమిన్ (విటమిన్ బీ1) వాడుతున్నాడు, నడకలో తేడా లేదు. డైసల్ఫిరామ్ (వేసుకుని తాగితే ఒంట్లో బాగా ఇబ్బంది పెట్టి తాగుడు మాన్పించే మందు) నరాలను దెబ్బతీయొచ్చని డాక్టరుగారే వద్దన్నారు. డీఅడిక్షన్ సెంటర్‌లో చేర్చుకున్నారు గానీ పడిపోతున్నాడు, చూసుకోలేం అని వెనక్కి పంపేశారు, నడవలేని మనిషికి తాగుడు మాన్పించే చోటే లేదా అనిపించింది.

మీ ఇంట్లో ఎస్‌సీఏ గానీ హంటింగ్టన్స్ (ఇలాంటిదే, మెదడు దెబ్బతినే మరో వంశపారంపర్య జబ్బు) గానీ ఉండి తాగుడు మానినవాళ్లుంటే, ఏ మందుతో, ఎలాంటి చోట మాన్పించగలిగారు?