పాత లారీకి ఎల్‌ఈడీ బల్బులు: ఇండికేటర్ల తికమక, హెడ్‌లైట్ల సందేహం

పాతబండి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మా లారీ పాతది. రెండు 12 వోల్టుల బ్యాటరీలను సిరీస్‌లో కలిపిన 24 వోల్టుల బండి. ఇంజిన్‌కు ఇంకా ఓపిక ఉంది కాని లైట్లకే లేదు. వెనుక బల్బులు తరచూ మాడిపోతుండటంతో విసిగిపోయి, హెడ్‌లైట్లలోని హెచ్4 బల్బులతో (డిమ్‌కు, బ్రైట్‌కు రెండు ఫిలమెంట్లు ఒకే బల్బులో ఉండే రకం) సహా అన్నింటినీ ఒకేసారి ఎల్‌ఈడీకి మార్చాను. 24 వోల్టులకు పనికివచ్చేవేనా అని ఒక్కొక్క పెట్టె మీదా చదివి మరీ తీసుకున్నాను.

అయినా ఆ రాత్రే చిక్కులు మొదలయ్యాయి. ఎడమ ఇండికేటర్ వేస్తే అది మామూలు కంటే రెట్టింపు వేగంతో కొట్టుకుంటోంది. దానితో పాటు కుడివైపు ఇండికేటర్లు కూడా మసకగా, అదే తాళంలో వెలిగి ఆరుతున్నాయి. వెనుక లైటులో ఎర్ర ఎల్‌ఈడీ పెట్టినందువల్ల నంబరు ప్లేటు మొత్తం ఎర్రగా కనిపిస్తోంది. హెడ్‌లైట్ల సంగతి మరీ విచిత్రం. బండి ముందు నేల తెల్లగా మెరిసిపోతోంది, దూరాన మాత్రం చీకటే. నేను డిమ్‌లోనే నడుపుతున్నా ఎదుటి బండ్ల వాళ్లు డిప్పర్ కొడుతూనే ఉన్నారు. ఇండికేటర్లకు 6 ఓమ్‌ల, 50 వాట్ల రెసిస్టర్ పెడితే సరిపోతుందని ఒక మెకానిక్ చెప్పారు. అది సరైన సలహాయేనా? హెడ్‌లైట్లలో ఎల్‌ఈడీలను ఉంచవచ్చా, తీసేయాలా?

తీగలపని:

పాతబండి గారూ, ఆ రెసిస్టర్‌ను మాత్రం దయచేసి పెట్టకండి. 6 ఓమ్‌ల రెసిస్టర్ 12 వోల్టుల బండ్ల కోసం చేసినది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు మీ బండిలో సుమారు 28 వోల్టులు ఉంటాయి. 28ని 6తో భాగిస్తే 4.7 ఆంపియర్లు, అంటే 130 వాట్ల వేడి. 50 వాట్ల వస్తువు మీద అంత భారం వేసి, దాన్ని ప్లాస్టిక్ డూమ్ (లైటు గూడు) వెనకాల దాచిపెడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. 24 వోల్టులకు 21 వాట్ల బల్బును పోలిన లోడు కావాలంటే దాదాపు 27 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. అదీ ముట్టుకుంటే చెయ్యి కాలేంత వేడెక్కుతుంది కాబట్టి, దాన్ని ఇనుప చట్రానికే బిగించాలి.

అసలు ఇండికేటర్ వేగం ఎందుకు పెరిగిందంటే, మీ ఫ్లాషర్, అంటే ఇండికేటర్లను వెలిగించి ఆర్పే చిన్న డబ్బా, బల్బులు ఎంత కరెంటు లాగుతున్నాయో చూసుకొని పని చేసే రకానిది. ఒక వైపు రెండు 21 వాట్ల బల్బులు ఉంటే 24 వోల్టుల వద్ద 1.75 ఆంపియర్లు లాగుతాయి. ఎల్‌ఈడీలు అందులో ఏడో వంతు కూడా లాగవు. దాంతో ఫ్లాషర్ ఆ వైపు బల్బు మాడిపోయిందనుకొని, డ్రైవరుకు తెలియజేయడానికే వేగంగా కొడుతుంది. ఇంకా పాత, వేడి మీద నడిచే ఫ్లాషర్లలో కొన్ని ఇంత తక్కువ కరెంటుకు అసలు కొట్టుకోకుండా వెలిగి ఉండిపోతాయి. రెండింటికీ మందు ఒక్కటే: లోడుతో సంబంధం లేని 24 వోల్టుల ఎలక్ట్రానిక్ ఫ్లాషర్. మీ పాతదానికి రెండే కాళ్లు ఉంటే, కొత్తదాని మూడో కాలికి, అంటే 31 అని గాని ఇ అని గాని రాసి ఉన్నదానికి, విడిగా ఎర్త్ వైరు లాగాలి. 49 లేదా బి అన్నది సరఫరా, 49ఎ లేదా ఎల్ అన్నది స్విచ్చికి వెళ్లేది. కాళ్ల వరుస అన్ని ఫ్లాషర్లలో ఒకేలా ఉండదు. రంధ్రాలు కుదిరాయని దూర్చేయకుండా అక్షరాలు చూసి కలపండి.

ఇక రెండో వైపు మసక వెలుగు. చాలా పాత బండ్లలో డ్యాష్‌బోర్డు మీద ఇండికేటర్లకు ఒకే ఒక చిన్న సూచిక బల్బు ఉంటుంది. దాని ఒక కొన ఎడమ లైనుకు, మరో కొన కుడి లైనుకు కలిపి ఉంటాయి. ఎడమ వేసినప్పుడు కరెంటు ఈ బుల్లి బల్బు గుండా కుడివైపు లైట్లలోకి వెళ్లి, అక్కడి ఫిలమెంట్ల ద్వారా ఎర్త్ చేరుకుంటుంది. ఆ కొద్దిపాటి కరెంటుకు 21 వాట్ల ఫిలమెంటు ఎర్రబడను కూడా ఎర్రబడదు కనుక ఇన్నాళ్లూ మీ కంట పడలేదు. ఎల్‌ఈడీకి ఆ మాత్రం చాలు. సూచిక బల్బు రెండు కొనలనూ లైన్ల నుంచి విడదీసి, ఒక కొనను ఎర్త్‌కు ఇవ్వండి. రెండో కొనకు ఎడమ లైను నుంచి ఒకటి, కుడి లైను నుంచి ఒకటి చొప్పున 1ఎన్4007 డయోడ్లను (కరెంటును ఒకే వైపు పోనిచ్చేవి), వెండి గీత బల్బు వైపు ఉండేలా కలపండి.

నంబరు ప్లేటు వెలిగేది వెనుక లైటు అడుగున ఉన్న తెల్లటి కిటికీ నుంచే కాబట్టి, ఆ ఒక్క డూమ్‌లో పాత ఫిలమెంట్ బల్బే తిరిగి పెట్టడం తేలిక. తెల్ల ఎల్‌ఈడీ పెడితే ప్లేటు బాగుంటుంది కాని, ఎర్ర అద్దం వెనుక అది గులాబీ రంగుకు తిరిగి పాలిపోతుంది. ప్లేటుకు విడిగా చిన్న లైటు బిగించగలిగితే ఎర్ర ఎల్‌ఈడీనే ఉంచుకోవచ్చు.

గరుకుదారి:

నేను సరైన విలువ ఉన్న రెసిస్టర్లతోనే చాలాకాలంగా నడుపుతున్నాను, ఇబ్బంది రాలేదు. అయితే కరెంటు ఆదా కోసం ఎల్‌ఈడీ పెట్టి, ఆ ఆదానంతా రెసిస్టర్‌లో వేడి చేసి పారబోస్తున్నానన్న మాట మాత్రం ఒప్పుకోవాలి. మళ్లీ చేయవలసి వస్తే నేనూ ఫ్లాషరే మారుస్తాను.

రాత్రిడ్యూటీ:

హెడ్‌లైట్ల గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను: తీసేయండి. హెచ్4 బల్బులో డిమ్ ఫిలమెంటు కింద దొన్నెలాంటి చిన్న లోహపు రేకు ఉంటుంది. రిఫ్లెక్టర్ కింది సగం మీద వెలుగు పడకుండా ఆపడమే దాని పని. పడితే ఆ వెలుగంతా పైకి, ఎదుటివాడి కళ్లలోకి పోతుంది. రిఫ్లెక్టర్‌నూ అద్దం మీది గీతలనూ ఆ సన్నని ఫిలమెంటు ఉండే కచ్చితమైన చోటును బట్టే తయారు చేస్తారు. ఎల్‌ఈడీ చిప్పులు పలక మీద రెండు వైపులా అతికి ఉంటాయి కాబట్టి వెలుగు పుట్టే చోటు, దాని ఆకారం కొంతైనా మారుతాయి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా చాలు, మీరు చెప్పినట్టే దగ్గర నేల తెల్లబారి దూరం చీకటవుతుంది. దగ్గరి నేల మెరిసిపోతుంటే కంటిపాప కుంచించుకుపోయి, దూరాన ఉన్న కాస్త వెలుగు కూడా కనిపించదు.

చాలా దేశాల్లో హాలోజెన్ (హెచ్4 లాంటి ఫిలమెంట్ బల్బు) కోసం ఆమోదించిన లైటులో ఎల్‌ఈడీ బల్బు వేయడం నిబంధనలకు విరుద్ధం. జర్మనీలో 2020లో కొన్ని బల్బులకు అనుమతి ఇచ్చినప్పుడు కూడా, పరీక్షించి జాబితాలో చేర్చిన వాహనాలకే ఇచ్చారు. ఎల్‌ఈడీయే కావాలనుకుంటే, మీది 7 అంగుళాల గుండ్రటి లైటయితే, ఆమోద ముద్ర ఉన్న పూర్తి ఎల్‌ఈడీ హెడ్‌లైటునే బిగించుకోండి.

అంతకన్నా ముందు ఒక పని చేయండి. పాత హాలోజెన్ బల్బులు పెట్టి, ఇంజిన్ నడుస్తూ లైట్లు వెలుగుతుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, హెడ్‌లైటు హోల్డర్ దగ్గర ఒకసారి వోల్టులు కొలవండి.

పాతబండి:

కొలిచాను. బ్యాటరీల దగ్గర 27.8, హోల్డర్ దగ్గర 24.5. ఎర్త్ వైరు బోల్టు విప్పి చూస్తే పచ్చని చిలుము పట్టి ఉంది. వైరు తోలు ఒలిస్తే లోపలి రాగి నల్లబడి ఉంది.

రాత్రిడ్యూటీ:

దొరికింది. హాలోజెన్ వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, సుమారుగా దాని 3.4వ ఘాతాన్ని అనుసరించి పడిపోతుంది. మీ 3.3 వోల్టుల నష్టానికి మూడో వంతు వెలుగు వైర్లలోనే పోతోంది. డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి 24 వోల్టుల రిలేలు (కొద్ది కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చిలు) పెట్టి, బ్యాటరీ నుంచి ఫ్యూజుతో సహా మందపాటి వైరు నేరుగా లాగండి. పాత స్విచ్చి రిలేను ఆడించడానికే మిగులుతుంది. ఎర్త్ చోటును తెల్లటి ఇనుము కనిపించేదాకా ఉప్పుకాగితంతో రుద్ది బిగించండి. తరువాత గోడకు 10 మీటర్ల దూరంలో, మామూలుగా వేసే లోడుతోనే బండిని నిలిపి ఎత్తు సరిచేయండి, ఎందుకంటే వెనుక బరువు పడితే ముక్కు లేస్తుంది. 1 శాతం వంపు అంటే ఆ గోడ మీద వెలుగు అంచు హెడ్‌లైటు మధ్య భాగం కంటే 10 సెంటీమీటర్లు కిందికి ఉండాలి.

పాతబండి:

ఫ్లాషర్ మార్చి డయోడ్లు వేశాక ఇండికేటర్లు బుద్ధిగా కొట్టుకుంటున్నాయి. రిలేలు పెట్టాక హోల్డర్ దగ్గర 27.2 వస్తోంది. హాలోజెన్ బల్బులతోనే రోడ్డు కనిపిస్తోంది, ఎవరూ డిప్పర్ కొట్టడం లేదు. బ్రేక్ లైట్లలో ఎల్‌ఈడీలు ఉంచేశాను. కాని కొత్త తలనొప్పి ఒకటి వచ్చింది. ఉత్సాహం కొద్దీ డ్యాష్‌బోర్డు బల్బులు కూడా మార్చాను. అప్పటి నుంచి బండి స్టార్ట్ చేశాక గట్టిగా రేజ్ చేస్తే గాని చార్జింగ్ మొదలు కావడం లేదు. ఆల్టర్నేటర్ పోయిందంటారా?

తీగలపని:

పోలేదు. చార్జింగ్ లైటు ఉత్త సూచిక కాదు. దాని ఫిలమెంటు గుండా పారే కరెంటే ఆల్టర్నేటర్‌లోని అయస్కాంతాన్ని మొదట మేల్కొలుపుతుంది. ఎల్‌ఈడీ ఆ కరెంటును పోనివ్వదు. ఆ ఒక్క చోట, మునుపు ఉన్న వాట్ల ఫిలమెంట్ బల్బునే తిరిగి పెట్టండి. మీటర్ల వెనుక వెలిగేవి ఎల్‌ఈడీలే ఉండవచ్చు, కాకపోతే వెలుగు తగ్గించే మర వాటి మీద సరిగా పని చేయదు.