దూరాభారం: విమానానికి దూరం వేరు, భారం వేరు

ప్రశ్న: రెండు మహానగరాల మధ్య విమాన ప్రయాణం గురించి ఒక పట్టిక తెలుగు చేస్తున్నాను. ఒక గడికి "కాకి ఎగిరే దూరం" అని పెడితే చూసినవాళ్లు నవ్వారు. మంచి మాట చెప్పండి. పక్క గడి "ప్రయాణ కాలం".

జవాబు: అది మన కాకి కాదండీ, "యాజ్ ద క్రో ఫ్లైస్" అనే ఇంగ్లీషు నానుడిలోని కాకి. మన కాకి చుట్టాలొస్తున్నారని అరుస్తుంది గానీ దూరాలు కొలవదు. "సరళరేఖా దూరం" అంటే సరి.

జవాబు: సరళరేఖ ఎక్కడిదండీ? గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి. ఆ దారి భూగోళం పాఠాల్లో మహావృత్తం అనేదాని మీదే, అంటే భూమిని సరిగ్గా రెండు సగాలు చేసే వృత్తం మీదే ఉంటుంది. దాన్నే గోడమీది పటంలో గీస్తే విల్లులా వంగుతుంది. శుభ్రంగా "విమాన దూరం" అనండి.

నాకు మాత్రం ఇక్కడ "దూరాభారం" గుర్తొస్తోంది. దారీతెన్నూ, మంచీచెడూ లాంటి జంటమాటే. "దూరాభారం, రాలేకపోయాం" అన్నప్పుడు రెండూ ఒకటే అనుకుంటాం. నేల మీద దాదాపు అంతే, అందుకే "పూట ప్రయాణం" అంటే దూరమూ తెలిసిపోయేది. విమానంలో ఆ జంట విడిపోతుంది. లండన్, న్యూయార్క్ మధ్య దూరం ఎటు కొలిచినా సుమారు 5,540 కిలోమీటర్లే. పడమటికి పోతే ఎనిమిది గంటలు, తూర్పుకు వస్తే ఏడు. పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ చేసే పని అది. ఒకసారి సీటు ముందు తెరమీద వేగం గంటకు 1,050 అని చూసి కంగారుపడ్డాను. అందులో 150 దాకా గాలి పెట్టిన భిక్షే!

ఇంకా తమాషా: 2016లో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ మీంచి మాని పసిఫిక్ మీంచి తిప్పింది. దూరం 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది, వెనకనుంచి ఆ గాలి తోయడంతో సమయం మాత్రం సుమారు రెండు గంటలు తగ్గింది. దూరం ఎక్కువ, భారం తక్కువ.

ప్రశ్న: "విమాన దూరం" ఖాయం చేశాను. "ప్రయాణ కాలం" ఉంచనా?

జవాబు: ఉంచండి, కానీ అది గాల్లో ఉన్న సమయమేనా అన్నది తేల్చుకోండి. టికెట్‌లో రాసేది విమానం నిలిచిన చోటు వదిలినప్పటి నుంచి దిగిన ఊళ్లో మళ్లీ నిలిచేదాకా. రన్‌వే దాకా పాకుతూ పోయే సమయమూ అందులోదే. బయల్దేరు, చేరు వేళలు ఏ ఊరి గడియారం ప్రకారమో కూడా రాయండి. లేకపోతే తీసివేత చేసినవాళ్లు మూడు గంటల్లో అట్లాంటిక్ దాటేశామనుకుంటారు.